మిషన్ ఆపి విన్న పాట

తాండూరు

వికారాబాద్ స్టూడియోలో పాటలు సరిచేసే ప్రవీణ్ బాబుకు, పద్మారాణి తల్లి రాస్తున్నది.

బిడ్డ పోయినంక దాని పాట రేడియోలో వచ్చేటట్టు చేశావు. నీ మేలు మరువను. "మిషన్ల మోతల గూడ వినపడాల్నని మొత్తం ఒక్కతీరుగ గట్టిగ చేసిన అమ్మా" అన్నావు. నిజమే, మా షెడ్డులో నాపరాళ్లు కోసే మిషన్ తిరుగుతుండగానే వినపడుతున్నది.

కానీ బాబూ, నా బిడ్డ పాట చిన్న గొంతుతో ఎత్తుకునేది. మా మేస్త్రీ జంగప్ప "ఏయ్, మిషన్ బంద్ జెయ్యుండ్రి, పద్మ పాడుతున్నది" అని అరిచేవాడు. అందరం చేతులు ఆపి దగ్గరికి జరిగేవాళ్లం. చివర్లో గొంతు విప్పితే షెడ్డంతా మోగేది.

నిన్న రేడియోలో ఆ పాట వస్తే ఎవ్వరూ పని ఆపలేదు.

బుధవారం మళ్లీ వేసేటప్పుడు, నా బిడ్డ పాడినట్టే వెయ్యి. వినపడకపోతే మిషన్ మేమే ఆపుకుంటాం.