మా కాపరిని మార్చాల్సిందే!

మొగలిలంక,
సోమవారం

మరదలు కృపావతికి,

చర్చి కమిటీ కార్యదర్శి హోదాలో సాలమోను వ్రాయునది.

వీధికి ఆ చివర మీ ఇల్లు, ఈ చివర మా ఇల్లు. అయినా ఉత్తరం ఎందుకంటే, ఎదురుగా వచ్చి చెబితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. ఫోన్ చేస్తే మీ అక్క లీలావతి మధ్యలో లాక్కుని చింతకాయ పచ్చడి దగ్గర మొదలుపెడుతుంది. కాగితం మీద అయితే నా మాట నేను పూర్తి చేసుకోగలను.

విషయం: పిల్లల ఫుట్‌బాల్. నువ్వు బళ్ళో డ్రిల్లు టీచరుగా రిటైరై వచ్చి, "శనివారం సాయంత్రాలు చర్చి ఆవరణలో చిన్నపిల్లలకి ప్రార్థనతో మొదలుపెట్టి, వాక్యంతో ముగించి, మధ్యలో ఫుట్‌బాల్ నేర్పుతాను బావగారూ" అన్నప్పుడు కమిటీని ఒప్పించింది నేనే. ప్రార్థన ఉంది, వాక్యం ఉంది, మధ్యలో ఏదో కాస్త బంతి దొర్లుతుంది, అంతే కదా అనుకున్నాను.

మొన్న శనివారం ఏం జరిగింది? పాస్టరుగారి ఇల్లు చర్చి వెనకే కదా. సరిగ్గా ఆయన కిటికీ దగ్గర నీ పిల్లలందరూ ఒక్క గొంతుతో, "కాపరి నిద్దరోతన్నాడు! కొట్టండి, కొట్టండి!" అని అరిచారు. ఆ వెంటనే "కాపరిని మార్చండి!" అన్నారు. ఆ గొంతుల్లో నీ గొంతు కూడా ఉందని విన్నవాళ్ళు చెబుతున్నారు. సంఘానికి కాపరి పాస్టరుగారు గాక ఇంకెవరమ్మా? ఆయన ఈ ఊరు వచ్చి ఆర్నెల్లు కాలేదు. చిన్నవాడు, నెమ్మదస్తుడు. ఆ పూట మీ అక్క పంపిన క్యారేజీ మూత కూడా తియ్యకుండా తిప్పి పంపేశారు.

కాబట్టి విచారణ ముగిసేదాకా ఆట ఆపవలెను.

ఇట్లు,
ప్రభువు పనిలో,
సాలమోను, కార్యదర్శి

తా.క.: ఇది బావగా రాస్తున్నాను. ఆ క్యారేజీలో రొయ్యల వేపుడు ఉంది. వృథా కాలేదు. ఈ ముక్క విచారణలోకి రానివ్వకు.


బుధవారం

కార్యదర్శి గారికి (బావగారైతే ఇలాంటి ఉత్తరం రాయరు కాబట్టి),

కృపావతి వందనాలు.

ఆట ఆపను. ఆ మాట ముందు రాసేసి కారణాలు తరవాత రాస్తున్నాను. ఏది చదువుతున్నా మధ్యలో కునుకు తీస్తారని అక్క చెప్పింది.

కాపరి అంటే పాస్టరుగారు కాదండీ. గోలు ముందు నిలబడేవాడు. మొదట్లో అందరిలాగే 'గోలీ' అన్నాను. మరుసటి వారం పిల్లలందరూ జేబుల నిండా గోలీలు తెచ్చుకుని, బంతిని పక్కన పారేసి, సాయంత్రమంతా గోలీలాట ఆడారు. సరే 'కీపర్' అందామంటే, జాస్మిన్ వాళ్ళ నాన్న క్రికెట్ అనుకుని ఆ పిల్లకి మోచేతులదాకా వచ్చే గ్లవుజులు తొడిగి పంపించాడు. అందుకని, మందను కాచేవాడు కాపరి అయినట్టే గోలును కాచేవాడూ కాపరే అని చెప్పాను. అయిదేళ్ళ వాళ్ళకి వెంటనే అర్థమైంది. డెబ్బై ఏళ్ళ వాళ్ళకి అర్థం కాకపోతే నేనేం చెయ్యను?

ఆ రోజు కాపరి మా బుల్లి జీవన్. నిలబడి నిలబడి, గోలుకి గుర్తుగా పెట్టిన ఇటుకల మీద తల ఆనించి నిజంగానే నిద్రపోయాడు. అవతలి జట్టువాళ్ళు కొట్టండని అరవక ఏం చేస్తారు?

అసలు మీరు ఒక్క శనివారం వచ్చి చూడండి. బంతి ఎటు వెళితే అటు అందరూ గుంపుగా పరిగెడతారు. ఎవరిది ఏ జట్టో వాళ్ళకే గుర్తుండదు. ఒకడు మైదానం మధ్యలో చతికిలబడి చీమలతో మాట్లాడుతుంటాడు. పొరుగువాణ్ణి ప్రేమించాలని పాఠం చెప్పిన రోజున జాస్మిన్ బంతి తీసుకెళ్ళి అవతలి జట్టువాడి చేతిలో పెట్టింది. "ఎందుకిచ్చేవే తల్లీ?" అంటే, "ఆడు మా పక్కింటోడేనండి" అంది. క్షమాపణ గురించి చెబితే ఆ పక్కింటివాడు ముందు "సారీ అండి" అనేసి తరవాత తంతున్నాడు. ఈ పిల్లలా పాస్టరుగారి మీద కుట్ర చేసేది?

కమిటీకి నా మాటగా చదివి వినిపించండి. కాపరి పనికిరానప్పుడు మార్చడమే న్యాయం. నిద్రపోయేవాణ్ణి అక్కడ నిలబెట్టి లాభం లేదు. ఈ విషయంలో నేను ఎవరికీ వెనక్కి తగ్గను.

పాస్టరుగారికి నేనే చెబుదామని వాళ్ళింటికి వెళ్ళాను. నన్ను చూసి వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయారు, పాపం.

వెనక్కి తగ్గని,
కృపావతి

తా.క.: మొన్న నేను విజిల్ ఊదగానే రోడ్డుమీద మీరు సైకిలు ఆపి నిలబడిపోవడం చూశాను. అది పిల్లలకి ఊదింది. మీరు వెళ్ళిపోవచ్చు.


శుక్రవారం

కృపావతికి,

నీ ఉత్తరం కమిటీలో చదివించాను. చదివించకుండా ఉంటే బాగుండేది.

ఆ పూట నేను కళ్ళజోడు మర్చిపోయాను. అందుకని నూకయ్యగారు చదివారు. ఆయన సంగతి నీకు తెలుసు. ఆరాధనలో తను చదివే ప్రకటనలు కాస్త తొందరగా ముగించమని పాస్టరుగారు అన్న రోజు నుంచీ ఆయనకి ఈ పాస్టరుగారంటే పడదు. మొదటి పేజీ చూసి, "ఇదంతా ఆటల గొడవండి" అని తిప్పేశారు. రెండో పేజీ చివర మాత్రం లేచి నిలబడి చదివారు. 'కాపరి పనికిరానప్పుడు మార్చడమే న్యాయం. నిద్రపోయేవాణ్ణి అక్కడ నిలబెట్టి లాభం లేదు.' చదివి, "మగాళ్ళం ఇంతమందిమి ఉన్నాం. టీచరుగారికున్న ధైర్యం మనకి లేకపోయిందండి!" అన్నారు. నేను "అది కాదండి" అనేలోపు ఆ వాక్యాలకి ఫొటో తీసి సంఘం వాట్సాప్‌లో పెట్టేశారు. సాయంత్రానికి దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు. మస్కట్‌లో ఉన్నవాళ్ళు కూడా "అక్కగారూ, మేం మీ వెంటే" అంటున్నారు. నీకు తెలియకుండానే నీ పేరు మీద ఒక పార్టీ తయారైంది.

పాస్టరుగారి పక్షం వాళ్ళు మాత్రం ఊరుకుంటారా? ఇదంతా ఆ బంతి వల్లే వచ్చింది, ఆట మూయించాలన్నారు. చివరికి రెండు పక్షాలూ రాజీపడ్డాయి. ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుని, పాస్టరుగారిని మార్చమని పైవాళ్ళకి రాయడం, ఆట శాశ్వతంగా మూయడం, రెండూ ఒకే కాగితం మీద తీర్మానం చేస్తుంది. రాయవలసినవాణ్ణి నేను.

ఈలోగా పిల్లలు ఆడే స్థలం గేటుకి తాళం వేశాను. తాళంచెవి నా జేబులో ఉంది. అడగవద్దు.

ఇట్లు,
రెండు పక్షాల చేతా తిట్లు తింటున్న
సాలమోను, కార్యదర్శి

తా.క.: నా సైకిలు ఆగింది నీ విజిలుకి కాదు. చైను ఊడింది.


శనివారం సాయంత్రం

బావగారికో కార్యదర్శి గారికో, ఈ కవరు ఎవరి చేతికొస్తే వారికి,

తాళం చూశాను. పెద్దదే కొన్నారు. గేటు బయట రోడ్డు మీదే పిల్లల్ని వరసగా నిలబెట్టి ప్రార్థన చేయించాను. పాల వ్యాను వచ్చి, హారన్ కొట్టబోయి, మేం ఆమెన్ అనేదాకా ఆగింది.

అది చూసి ఎదురింటి వెంకటరమణమ్మగారు బయటికొచ్చి, "అదేటండీ టీచరుగారూ, పసిపిల్లల్ని రోడ్డుమీద పెట్టేరు! మా కొబ్బరితోటలోకి తీసుకొచ్చెయ్యండి. మొన్ననే దింపు తీయించేం, కాయలు పడతాయన్న భయం లేదు" అన్నారు. ఆవిడ అప్పనపల్లి వెంకన్నకి మొక్కుకునే మనిషి. తరవాత మాట రాకూడదని నేను ముందే చెప్పాను, ఆటకి ముందూ వెనకా మేం మా ప్రార్థన చేసుకుంటామండి అని. "ఆయ్, చేసుకోండి. దేవుడి పేరు వింటే నా చెట్లకేం నష్టమండీ?" అన్నారు. వాళ్ళ మనవరాలు యామిని కూడా వచ్చి చేరింది. మావాళ్ళు కళ్ళు మూసుకుంటే ఆ పిల్ల తనకొచ్చిన గోవింద నామాలు చెప్పుకుంది. ఎవరి దేవుడితో వాళ్ళు మాట్లాడుకుని, తరవాత అందరూ కలిసి బంతిని బోదెలో పడేశారు.

కొబ్బరి వరసల మధ్య నీళ్ళు పారే బోదెలుంటాయి కదా. ఆటలో సగం, బంతిని ఆ నీళ్ళలోంచి తియ్యడానికే సరిపోయింది. జీవన్ పాదం తడిసేసరికి మొదటిసారి ఆట చివరిదాకా మెలకువగా ఉన్నాడు.

అక్కడి నుంచి తిన్నగా నూకయ్యగారింటికి వెళ్ళి, "నేను మార్చమన్నది పాస్టరుగారిని కాదండి, జీవన్‌ని" అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించి, "ఆయ్, అదే కదండీ మేమూ అంటన్నాం!" అన్నారు. పాస్టరుగారి పేరు జీవన్‌రాజు అని అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఎవరమూ ఆయన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. వివరం చెబుదామంటే నూకయ్యగారు ఫోన్ తీసి, టీచరుగారు పేరు పెట్టి మరీ చెప్పారని అప్పటికే గ్రూపులో పెట్టేస్తున్నారు.

బావగారూ, ఇక నవ్వడానికేం లేదు. నా మాట అడ్డం పెట్టుకుని ఒక మంచివాణ్ణి ఊళ్ళోంచి పంపేస్తామంటే చూస్తూ కూర్చోను. రేపు కమిటీకి వస్తాను. పిల్లలందరితో వస్తాను. లోపలికి రానివ్వకపోతే మెట్ల మీద కూర్చుంటాం. ఆట ఆగదు, పాస్టరుగారు వెళ్ళరు. ఈ రెండూ ఒకే కాగితం మీద రాసుకోండి.

మెట్ల మీద కలుసుకునే,
కృపావతి

తా.క.: అక్క కూడా మాతో మెట్ల మీద కూర్చుంటానంది. రేపు మధ్యాహ్నం మీ భోజనం సంగతి మీరు చూసుకోండి.


ఆదివారం సాయంత్రం

కృపావతికి,

పిల్లలకి ఆకలేస్తోందని నువ్వూ మీ అక్కా వాళ్ళని తీసుకుని మధ్యలోనే వెళ్ళిపోయారు కాబట్టి, తరవాత జరిగింది మీకు తెలీదు. నేను చెప్పాల్సిందే.

మీరు మెట్ల మీద ప్రార్థన మొదలుపెట్టినప్పుడు లోపల ప్రతి మాటా వినబడింది. ఒకడు శనివారం వాన వద్దన్నాడు. ఒకడు కొత్త బంతి అడిగాడు. ఆ తరవాత జాస్మిన్ గొంతు: "ప్రభువా, సాలమోను తాతగారికి తాళం తియ్యడం రావట్లేదండి. ఆయనకి నేర్పించండి. ఆమెన్."

కమిటీ అంతా నా వైపు చూసింది. నేను మినిట్స్ పుస్తకంలోకి చూసుకున్నాను. నా జీవితంలో ఎన్నో ప్రార్థనలు విన్నాను కృపావతీ. నా మీద జాలిపడి ఒకరు ప్రార్థన చెయ్యడం ఇదే మొదలు.

"చూసేరాండీ! పిల్లల చేత కమిటీని బెదిరిస్తన్నారు. రాయండి తీర్మానం" అన్నారు నూకయ్యగారు. నేను తేదీ వేశాను. నా చెయ్యి వేసింది, మనసు కాదు.

అప్పుడు వెనక బెంచీలోంచి పాస్టరుగారు లేచారు.

"ఒక్కమాట చెప్పుకుంటానండి. కాపరి నిద్దరోతన్నాడని పిల్లలు అరిచేరు కదండీ. నిజమేనండి. నేను నిద్దరోతన్నాను."

ఆయన నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడ్డారు.

"ప్రసంగం రాసుకోవాల్సిన టైములో పడుకున్నానని ఎవరో చూసేసేరనుకున్నాను. సిగ్గేసి అన్నం తినలేకపోయేను. టీచరుగారు వస్తే మొహం చూపించలేక పారిపోయేను. మా ఇంట్లో అయిదుగురం అన్నదమ్ములమండి. గోలలో పెరిగేను. ఇక్కడ అంత ఇంట్లో ఒక్కణ్ణీ. కొబ్బరి మట్ట రాలినా ఉలిక్కిపడతాను. వచ్చిన దగ్గర్నుంచీ సరైన నిద్ర లేదు నాకు. ఆ శనివారాలే, పిల్లల అరుపులు వింటా ఉంటే, మా ఇంట్లో ఉన్నట్టుండి కళ్ళు మూతలు పడేవి. గేటుకి తాళం పడ్డాక అదీ లేదండి. నన్ను మార్చాలంటే మార్చండి. ఆట మాత్రం ఆపకండి."

నూకయ్యగారికి ఇదేమీ పట్టలేదు. "విన్నారు కదండీ, ఆయనే ఒప్పుకున్నారు. అదీ రాయండి" అన్నారు.

నేను పెన్ను మూత పెట్టేశాను.

"రాయరేటండీ?"

"రాయనండి."

"కార్యదర్శి అన్నాక రాయాలి కదండీ!"

"అయితే కార్యదర్శిని కానండి" అన్నాను. అని, పుస్తకం తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను. ఇన్నేళ్ళలో ఎవరేం చెబితే అది గుండ్రని అక్షరాలతో రాశాను కృపావతీ. వద్దు అనే మాట నోటితో అంటే ఇంత తేలిగ్గా ఉంటుందని నాకు తెలీదు. నూకయ్యగారు పుస్తకం పట్టుకుని అందరి దగ్గరికీ తిరిగారు. ఒకాయనకి కళ్ళజోడు లేదు. ఒకాయనకి ఉన్నట్టుండి మోచెయ్యి నొప్పి. ఆయన రాయబోతే పెన్ను నాది, నా జేబులో ఉంది. రాసేవాడు లేక సభ ముగిసింది.

నూకయ్యగారు ఊరుకోరు. వచ్చే వారం కొత్త కార్యదర్శిని వెతుక్కుని మళ్ళీ వస్తారు. రానీ. అప్పుడు నేనూ మెట్ల మీదే ఉంటాను, మీ అక్క పక్కన చోటిస్తే.

గేటు తీశాను. తాళం మాత్రం అడగవద్దు. వంతెన మీంచి వస్తుంటే చెయ్యి జారింది. చెయ్యి జారడానికి నేను సైకిలు దిగి, అటూ ఇటూ చూసుకుని, గట్టిగా విసరాల్సి వచ్చింది.

ఇట్లు,
ఏ హోదా లేని,
బావ సాలమోను

తా.క.: వచ్చే శనివారం పాస్టరుగారు కిటికీలన్నీ బార్లా తెరుచుకుని పడుకుంటారట. గోల తగ్గితే మెలకువ వచ్చేస్తుందట. కాబట్టి పిల్లల్ని ఎవరైనా నెమ్మదిగా ఉండమంటే నా పేరు చెప్పు.