తమలపాకు కాడ

ఏవండీ, మీరు రైలింజన్ మీద డ్యూటీలో ఉన్నారు, ఫోన్ స్విచాఫ్ వస్తోంది. అందుకే రాసి పెడుతున్నాను. బాబు పొట్ట మళ్లీ డప్పులా ఉబ్బిపోయింది, పచ్చగా కక్కినాడు. మావయ్యా నేనూ వాణ్ణి కలకత్తా తీసుకెళ్తున్నాం. కుక్కర్లో అన్నం ఉంది. ముందు అత్తయ్యకి పెట్టండి, నిన్నటి నుంచి ఏమీ తినలేదు.

పుట్టిన రోజే నల్ల విరేచనం అయ్యిందా అని నిన్న డాక్టరమ్మ అడిగింది. అయ్యిందన్నాను. అత్తయ్య అడ్డొచ్చి, "లేదమ్మా, మూడో రోజు నేనే తమలపాకు కాడ ఆముదంలో ముంచి వెనక పెట్టినాను, అప్పుడయ్యింది" అన్నారు. నాకెవరూ చెప్పనే లేదు. అక్కడే అత్తయ్యని నోటికొచ్చినట్టు అనేసినాను.

పేగు చివర నరాల కణాలు పుట్టుకతోనే లేవేమోనట. అవి లేకపోతే పేగు మలాన్ని కిందికి తోయలేదట. అక్కడ బయాప్సీ పరీక్షకి పేగులోంచి బియ్యపు గింజంత ముక్క తీస్తారు. కణాలు కనిపిస్తే సరే. కనిపించకపోతే ఆపరేషన్ చేసి అంతమేరా పేగు తీసేస్తారు. మూడు నెలలైనా నిండని ఒంట్లోంచి ముక్క ఎలా తీస్తారండీ? ఫోన్ చేసినప్పుడు 'ఏటయింది' అని అడక్కండి. 'తిన్నావా' అని అడగండి, నేనే చెప్తాను.

స్టేషన్‌కి టోటో బండి వచ్చేసింది.

అత్తయ్యని మీరేమీ అనకండి. ఆవిడ ఆ మాట చెప్పబట్టే జబ్బు అనుమానం వచ్చిందని డాక్టరమ్మే అంది. ఇంట్లో తమలపాకులన్నీ అత్తయ్యే పారేసినారు, పూజకి కూడా ఉంచలేదు. గోల్‌బజార్‌లో లేతవి చూసి కొనండి, కాడలతో సహా. నేనే తెమ్మన్నానని చెప్పి ఆవిడ చేతికివ్వండి.