రాజుగారికి ఉత్తరం

ఏప్రిల్ 19, శుక్రవారం. రాస్ తనూరా, సౌదీ.

రెండేళ్ళుగా శుక్రవారం మధ్యాహ్నాలు ముదీర్ ఇంట్లో పాఠం. ముదీర్ అంటే మా సైట్ మేనేజరు, నా ఉద్యోగానికి దేవుడు. ఆయన కూతురు ఆయేషా యూనివర్సిటీలో ఇంగ్లండు చరిత్ర చదువుతోంది. నేను అమలాపురంలో పదేళ్ళు చరిత్ర లెక్చరర్నని, కాలేజీ మూతపడితే ఇక్కడి రిఫైనరీకొచ్చి పర్మిట్ కాగితాలు చూసుకుంటున్నానని ఆయనకెవరో చెప్పారు. వారంలో ఆరు రోజులు నేను ఒట్టి గోపాల్‌ని. శుక్రవారం రెండు గంటలు మాత్రం ఉస్తాద్‌ని, మాస్టారిని. నా భార్య స్వర్ణ పోయి ఆరేళ్ళయింది, పిల్లల్లేరు. వారం మొత్తానికి నాకున్నవి ఆ రెండు గంటలే.

పాఠం మజ్లిస్‌లో, అంటే వాళ్ళ ముందు గదిలో, తలుపు తీసే ఉంటుంది. ఆయేషా నాయనమ్మగారు మూల కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటూ ఉంటారు. ఈసారి అసైన్‌మెంట్ మొదటి చార్లెస్ రాజు కొలువులో థామస్ వెంట్‌వర్త్. రాజుకి కుడిభుజం. రాజు పేరు చెప్పి ఐర్లండుని పిడికిట్లో పెట్టుకుని ఏలాడు. ఊరంతా శత్రువులే, రాజు ఒక్కడుంటే చాలనుకున్నాడు. ఈ మాట చెప్తుండగా ముదీర్ స్వయంగా గహ్వా, వాళ్ళ కాఫీ, పోసి చేతికిచ్చారు. గర్వంగా అనిపించింది. నా డైరీలో నాకు సిగ్గెందుకు.

ఏప్రిల్ 23, మంగళవారం.

దేవన్న చెయ్యి కాలింది.

అదే రోజు, సాయంత్రం 5.

మోచేతి దాకా. ప్రాణానికి భయం లేదన్నారు. దేవన్న మా వెల్డరు, జగిత్యాల మనిషి. క్యాంపులో నా పక్క మంచం. వంట తనది, అంట్లు నావి. ఎనిమిదేళ్ళుగా అదే ఒప్పందం.

వెల్డింగ్‌కి ముందు గ్యాస్ టెస్ట్ అవ్వాలి. టెస్టర్ సంతకం పడ్డాకే నేను పర్మిట్ ఇవ్వాలి. ఇవాళ అతను ఆలస్యం చేశాడు. ముదీర్ ఫోన్ చేసి పని మొదలుపెట్టించు, కాగితం తర్వాత చూద్దాం అన్నారు. టెస్ట్ కాలేదు సార్ అన్నాను. ఒక్కసారే అన్నాను. ఆయన మళ్ళీ గట్టిగా అనేసరికి ఇచ్చేశాను. పైపులో గ్యాస్ మిగిలి ఉంది.

ఏప్రిల్ 25, గురువారం.

క్లయింట్ వాళ్ళు ఎంక్వైరీ వేశారు. ఆ ఫోన్ సంగతి ఇద్దరికే తెలుసు, ఆయనకీ నాకూ. ముదీర్ నన్ను తన కారులో కూర్చోబెట్టుకుని, ముక్కు కొన మీద వేలు పెట్టి, నీ ఉద్యోగానికి ఏమీ కాదు, పూచీ నాది అన్నారు. ఇక్కడ ముక్కు ముట్టుకుని ఇచ్చిన మాటంటే మనవైపు తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసినంత. రెండ్రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

ఏప్రిల్ 26, శుక్రవారం.

పాఠం. పార్లమెంటు వెంట్‌వర్త్ తల కావాలంది. నీ ప్రాణానికీ పరువుకీ ఏమీ కాదని రాజు మాట రాసిచ్చాడు. ఇంతలో జనం రాజభవనం ముందు చేరి కేకలు. రాజుకి గుండె జారింది. అప్పుడు వెంట్‌వర్త్ జైల్లోంచి రాజుకి ఉత్తరం రాశాడు. నాకిచ్చిన మాట మీరు పట్టుకోనక్కర్లేదు, నా మరణశిక్ష మీద సంతకం పెట్టేయండి అని దాని సారాంశం. రాజు పెట్టేశాడు.

ఆయేషా ఒక ప్రశ్న అడిగింది. అతను నిజంగా చావాలనే రాశాడా, లేక రాజు వద్దంటాడని రాశాడా అని. పండితులు రెండు రకాలుగానూ అంటారమ్మా అన్నాను. తెలియనప్పుడు లెక్చరర్లందరూ చెప్పే జవాబే.

ఏప్రిల్ 30, మంగళవారం.

ముదీర్ మొహం పీక్కుపోయింది. బాధ్యుడెవరో ఒక పేరు చెప్పకపోతే కాంట్రాక్టే రద్దంటున్నారట. హెడ్డాఫీసు నుంచి ముగ్గురు పెద్దవాళ్ళు దిగారు. ముగ్గురూ ఆయన గదిలోనే పొద్దుణ్ణించీ.

మే 1, బుధవారం, మధ్యాహ్నం 1.

ఏం చేశానో ఉన్నదున్నట్టు రాసుకోవాలి.

ముదీర్ గదిలో ఇద్దరమే. ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. చూడలేక, నా పేరు రాసేయండి సార్, మీరు బావుంటే చాలు అన్నాను.

మర్యాదకన్నాను. కోనసీమలో గుమ్మం దాకా వచ్చినవాణ్ణి భోంచేసి వెళ్ళమంటాం. ఇప్పుడే అయిందండీ అంటాడు వాడు, ఆకలి నకనకలాడుతున్నా సరే. ఇక్కడా అంతే. మొన్నామధ్య ముదీర్ వాచీ బావుందన్నాను. నీదే తీసుకో అంటూ విప్పి చేతిలో పెట్టబోయారు. నేను పుచ్చుకున్నానా? మూడుసార్లు వద్దని దండం పెట్టాను. ఇచ్చేవాడు తీసుకోమంటాడు, తీసుకునేవాడు వద్దంటాడు. రెండు దేశాల్లోనూ అదే పద్ధతి, ఆయనకి నాకన్నా బాగా తెలుసు.

ఆయన వద్దనలేదు.

లేచి వచ్చి నా నుదుటి మీద ముద్దు పెట్టారు. కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత సెక్రటరీని పిలిచి ఉత్తరం టైప్ చేయమన్నారు. ఫోన్ ఊసు లేదు, ఎవరూ చెప్పకుండా నా అంతట నేనే పర్మిట్ ఇచ్చానని ఉంది. ఇంగ్లీషులో ఒక తప్పుంటే దిద్ది మరీ సంతకం పెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మే 3, శుక్రవారం.

పాఠం లేదు. ఆయేషాకి పరీక్షలట.

మే 5, ఆదివారం.

హాస్పిటల్‌కి వెళ్ళాను. ఉత్తరం సంగతి అప్పటికే క్యాంపంతా పాకింది. దేవన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. టెస్ట్ గాలేదని ఎర్కుండి గూడ పంపినవా సార్, నిన్ను నమ్మే గదా నేను టార్చ్ ముట్టిచ్చింది అన్నాడు. అందులో అబద్ధం లేదు, అదే బాధ. ముదీర్ ఫోన్ చేశారయ్యా అని నాలిక చివరిదాకా వచ్చింది. సంతకం పెట్టినవాణ్ణి, ఏ నోటితో చెప్పను? తెచ్చిన అరటిపళ్ళు బల్ల మీద పెట్టాను. ఎత్తుకపో సార్ అన్నాడు. ఎత్తుకొచ్చాను.

మే 6.

ఒక్కడికి వండుకోవడం నాకు రాదు. అన్నం ఇద్దరికయ్యింది.

మే 12, ఆదివారం.

వీసా మీద ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు, ఉద్యోగం పోయింది, ఇక ఇంటికే. పన్నెండేళ్ళు. ఊళ్ళో నాకెవరున్నారు? తాళం వేసిన రెండు గదులు. భయంగా ఉంది.

మే 17, శుక్రవారం, మధ్యాహ్నం 2. దమ్మామ్ ఎయిర్‌పోర్ట్.

ముదీర్ డ్రైవర్ని వద్దని తనే కారు నడిపి తీసుకొచ్చారు. సూట్‌కేసు కూడా తనే మోశారు. దారి పొడుగునా నా గొప్పే. నీలాంటి మగాణ్ణి చూడలేదు, ఎవరూ అడగకుండా నీ అంతట నువ్వే వచ్చి అన్నావు, ఆయేషాకి రోజూ నీ గురించే చెప్తున్నాను అన్నారు.

అప్పుడు తెలిసింది. ఆయన నటించడం లేదు. నేను మనస్ఫూర్తిగా అన్నాననే నమ్ముతున్నారు. నమ్మకపోతే ఆయనకి ముద్ద దిగదు. కోపం తన్నుకొచ్చింది నాకు. పైకి మాత్రం, ఏం పర్లేదు సార్ అన్నాను.

4.10. సీట్లో.

మర్యాదకన్నాను సార్, మీరు వద్దంటారనుకున్నాను అని ఆయనకి మెసేజ్ పెట్టాను. రెండు టిక్కులూ నీలం అయ్యాయి. టైపింగ్ అని వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. ఎయిర్‌హోస్టెస్ ఫోన్ ఆపెయ్యమంది.