వెనక సీటులో పల్లం

అక్కా, నేను బాగానే ఉన్నాను. అక్షరాలు వంకరపోయాయని కంగారు పడకు, సూది తోసీ తోసీ బొటనవేలు వాచింది.

ఇరవై రోజులుగా ఒక్క పాత కారుతోనే సరిపోతోంది. మన వంటింటికి చక్రాలు పెట్టినట్టుంటుంది. లోపలి సీట్ల తోలంతా ఒలిచి, కుంగిన స్ప్రింగులు మార్చి, ముడత లేకుండా కొత్త తోలు కుట్టాను. కారు గలావిడ పెద్దావిడ, సోమవారం చూడ్డానికొచ్చింది. వెనక సీట్లో కూర్చుని పక్కచోటు అరచేత్తో తడిమింది. "ఇక్కడ పల్లం ఉండాలి బాబూ, ఆయన కూర్చునే చోటు. ఏం చేశావు?" అంది. పోయిన భర్త ముప్ఫయ్యేళ్లు కూర్చుంటే పడిన పల్లమట. సీటు పాడైందనుకుని సరిచేసింది నేనే. మేస్త్రీ నావంక చూడకుండానే "విప్పెయ్" అన్నాడు. కథ మళ్లీ మొదటికొచ్చింది. ఒళ్లు హూనమైపోయిందక్కా. పారేసిన స్ప్రింగులు ఏరి తెచ్చి బిగించాను, నేనే ఎక్కి కూర్చుని చూశాను. ఆ పల్లం రావడం లేదు. అందుకే ఈ నెల ఇంటికి రాలేను.

బావ దగ్గు తగ్గిందా? అటక మీద రేకు డబ్బాలో నా వంకర సూది ఉంది, పంపించు.

నాన్న పోయాక ఖాళీగా ఉన్న ఆయన పడక్కుర్చీ గుడ్డ జోలెలా దిగిపోయిందని, మార్పించమని పోయిన కార్డులో రాశాను. అమ్మ ఒప్పుకోవడం లేదని నువ్వు రాస్తే చాదస్తమని విసుక్కున్నాను. మార్పించకు. ఉతకనూ వద్దు. చిరిగేలా ఉంటే నేనొచ్చి అడుగునుంచి అతుకు వేస్తాను.

అమ్మకి దండాలు. పిల్లలకి ముద్దులు, ఆ కుర్చీ మాత్రం ఎక్కనివ్వకు.