అవసరం లేదు సార్

మాధవరం,
సోమవారం.

గౌరవనీయులైన హెడ్మాస్టరు వరదరాజులు గారికి సునయన నమస్కరించి రాయునది.

మీ బడికి పంపిన మెయిళ్లన్నీ తిరిగొచ్చాయి. ఫోన్ చేస్తే, పాస్‌వర్డు తెలిసిన గుమాస్తా గారు రిటైరై తిరుత్తణి వెళ్లిపోయారనీ, ఏదైనా ఉంటే కాగితం మీద రాయమనీ మీ ఆఫీసులో చెప్పారు. అందుకే ఈ ఉత్తరం.

మాది నలుగురి జట్టు. బళ్లకు వెళ్లి, పిల్లల మనసులో గుచ్చుకున్నవి ఏవైనా ఉంటే పక్కన కూర్చుని వింటాం. జట్టును నడిపించే బాధ్యత నాది. ఇన్నాళ్లూ తమిళ బళ్లకే వెళ్తున్నాం. తిరువొత్తియూరులో తెలుగు మీడియం బడి ఉందని మొన్ననే తెలిసింది. మా జట్టులో కిరణ్‌కుమార్ అని ఒక కౌన్సెలర్ ఉన్నాడు. నాలాగే ఏలూరు వాడు. తమిళం ఇంకా బస్సు టికెట్టు కొనేదాకానే వచ్చింది. గురువారాలు అతన్ని మీ బడికి పంపమంటారా? మాటా పలుకూ తగ్గిన పిల్లలెవరైనా ఉంటే తెలియజేయండి.

ఇట్లు,
మీ గేటు తెరుచుకుంటుందని ఆశపడే
సునయన.

తా.క.: మేము పిచ్చి డాక్టర్లం కాము. ఒక బడిలో వాచ్‌మన్ అలాగే అనుకుని, "లోపల ఎవరికీ లేదు, పొండి" అని గేటు వేసేశాడు.


తిరువొత్తియూరు,
గురువారం.

మేడమ్ సునయన గారికి వరదరాజులు అనేక నమస్కారాలు.

తెలుగులో ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. మాది ఈడ ఏడెనిమిది తరాల తెలుగు. ఇంట్లో మాట్లాడతాం, బళ్లో నేర్పిస్తాం, మనవళ్లు మాత్రం తమిళంలో బదులు చెపుతారు. కిరణ్ సారును తప్పక పంపండి.

ఏడో తరగతిలో కార్తీక అని ఒక పిల్ల ఉంది. వానల్లో జ్వరమొచ్చి వాళ్లమ్మ పోయింది. నాన్న మునిస్వామి ఎన్నూరులో లారీ తోలతాడు. అప్పటినుంచీ పిల్ల బళ్లో నోరు తెరవలేదు. రాస్తుంది, లెక్కలు చేస్తుంది, పిలిస్తే తలెత్తి చూస్తుంది, అంతే. మా టీచర్లు బతిమాలారు, కోప్పడ్డారు. నేను వాళ్లకు చెప్పేది ఒకటే, మీకూ అదే చెపుతున్నాను. అవసరం లేదు.

ఇట్లు,
చాక్‌పీసు పొడి చేతులతో,
వరదరాజులు.

తా.క.: కిరణ్ సారుకు సైన్సు ల్యాబు ఇస్తున్నాం. ఆడ మూలన అస్థిపంజరం ఉంది. దానికి కౌన్సెలింగ్ అక్కర్లేదు, చాలా నిమ్మళంగా ఉంటుంది.


మాధవరం,
మంగళవారం.

వరదరాజులు గారికి నమస్కారాలు.

గది ఇచ్చినందుకు ధన్యవాదాలు. కానీ కార్తీక గురించి మీరు రాసిన 'అవసరం లేదు' మాత్రం నాకు మింగుడుపడలేదు. తల్లి పోయిన పిల్ల ఇన్ని నెలలుగా నోరు విప్పకపోతే అవసరం లేకపోవడమేమిటండీ? చాలా అవసరం. ఇంత అవసరమైన పిల్ల మాకు ఏ బళ్లోనూ కనబడలేదు. మీరేమనుకున్నా కిరణ్ ముందు ఆ పిల్లతోనే కూర్చుంటాడు.

ఇంకో మాట దాచకుండా చెప్తాను. మమ్మల్ని పోషించే ట్రస్టు వారు పరీక్షల లోపు ఏ బళ్లో ఏం మార్పు వచ్చిందో చెప్పమంటున్నారు. మార్పు లేని బడిని వదిలేయమంటారు. అందువల్ల కూడా అవసరం.

ఇట్లు,
కాస్త మొండిది అని పేరున్న
సునయన.

తా.క.: కిరణ్‌కు అస్థిపంజరమంటే భయమట. పైన ఏదైనా దుప్పటి కప్పించగలరా?


తిరువొత్తియూరు,
శుక్రవారం.

సునయన గారికి నమస్కారాలు.

మీ ఉత్తరంలో అన్నిసార్లు 'అవసరం' అని చూసి నాకు భయమేసింది. పసిదాని మీద అంత అవసరం చూపిస్తారా? ట్రస్టు వారికి అవసరమైతే వాళ్లనే వచ్చి మాట్లాడించుకోమనండి. ముప్పై ఏళ్లుగా పిల్లల మధ్య ఉన్నవాణ్ని, చెపుతున్నాను. ఈ పనిలో అవసరం శుద్ధ మోసం.

నిన్న కిరణ్ సారు వచ్చాడు. కాగితం పడవలు చేసుకుంటూ కూర్చున్నాడు. కార్తీక వాటికి రంగులు వేసింది. ఇద్దరి మధ్యా మాట లేదు. కిటికీలోంచి చూసి, ఇతను అవసరమే లేని మనిషి అనుకున్నాను.

ఇట్లు,
కడుపులో ఏదీ దాచుకోలేని
వరదరాజులు.

తా.క.: అస్థిపంజరానికి తెల్ల దుప్పటి కప్పాం. ఇప్పుడు బడంతా భయపడుతోంది.


మాధవరం,
శనివారం.

హెడ్మాస్టరు గారికి,

మమ్మల్ని ఇదివరకు పిచ్చి డాక్టర్లన్నారు, పనీపాటా లేనివాళ్లన్నారు. మోసం అని మీరే మొదటిసారి అన్నారు. నేను పడ్డాను. కిరణ్ అవసరం లేని మనిషి అన్నారు. ఆ ఉత్తరం అతనికి చూపించలేదు. ఆ తర్వాత కూడా రెండు గురువారాలు అతన్ని మీ బడికి పంపాను.

మొన్న బెల్లు కొట్టే వేళకు పడవ ఇంకా సగంలోనే ఉందట. కిరణ్ గబగబా మడుస్తుంటే కాగితం చిరిగిందట. అప్పుడు కార్తీక అతని చెయ్యి పట్టుకుని, "అవసరం లేదు సార్" అంది. ఇన్ని నెలల తర్వాత ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన మొదటి మాట, మీరు మాకు అక్కర్లేదని. కిరణ్ సరిగ్గా అన్నం తినడం లేదు. అతనికి ధైర్యం చెప్పి, నేను ఎలక్ట్రిక్ ట్రైన్‌లో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. జట్టును నడిపేవాళ్లు జట్టు ముందు ఏడవకూడదు కదా.

పిల్లే వద్దన్నాక బలవంతం చేయడం మా పద్ధతి కాదు. వచ్చే గురువారం నుంచి రాము.

ఇట్లు,
సునయన.

తా.క.: కిరణ్ తన గొడుగు మీ ల్యాబులో మరిచిపోయాడు. ఎవరితోనైనా పంపించండి. అస్థిపంజరానికి అతని తరఫున నమస్కారం చెప్పండి.


తిరువొత్తియూరు,
మంగళవారం.

అమ్మా సునయనా, నిండు నూరేళ్లు చల్లగా ఉండు.

కార్తీక మాట్లాడిందా? ఇంత మంచి కబురును చావు కబురులా రాస్తారా తల్లీ? కుర్చీలోంచి లేచి పోయి టీచర్లందరికీ చెప్పాను. ఆ తర్వాత మళ్లీ చదివితే, మీరెందుకు ఏడ్చారో మాత్రం ఎక్కలేదు. ఉత్తరాలన్నీ ఇంటికి తెచ్చి మా కోడలు సత్యభామకు చూపించాను. ఆమెది మీ వైపే, తాడేపల్లిగూడెం. చదివి, నవ్వలేక నేల మీద కూలబడింది.

మాకు అవసరమంటే తొందర. మీకు అవసరమంటే కావలసి రావడమట. ఈ ఇంటికి కాపురానికొచ్చిన కొత్తలో, అన్నం వడ్డించనా అని సత్యభామ అడిగితే, మా ఆవిడ అమ్మణి అవసరం లేదనేదట. సరేనని ఈమె గిన్నెలు ఎత్తి పెట్టేసేదట. ఆ రోజుల్లో నా భార్య ఎందుకు చిక్కిపోయిందో ఇవాళ తెలిసింది.

మోసమంటే మా నోట చెడ్డదని, అంతే. పిల్లను తొందరపెడితే చెడుతుందని రాశానమ్మా. కిరణ్ సారులో తొందర లేదని మురిసిపోయి రాశాను.

సాయంత్రం మునిస్వామిని పిలిపించి కూతురు అన్న మాట చెప్పాను. "అది వాళ్లమ్మ మాట సార్" అన్నాడు. "పొద్దున జడేస్తా ఉంటే, బెల్లు కొట్టేస్తారని పాప గంతులేసేది. అవసరం లేదు, నిలు కన్నా అనేది వాళ్లమ్మ."

కిరణ్ సారు తొందరపడుతుంటే చూడలేక, ఆ బిడ్డ వాళ్లమ్మ మాట తీసి ఆయనకిచ్చిందమ్మా. నాకు ఇది రాస్తుంటేనే కళ్లు మసకబారుతున్నాయి. గురువారం ఆయన్ని పంపించు, నువ్వూ రా. ట్రస్టు వారు ఏం మార్పని అడిగితే ఈ ఉత్తరం చూపించు.

ఇట్లు,
ఈ వయసులో తెలుగు నేర్చుకుంటున్న
వరదరాజులు.

తా.క.: గొడుగు పంపలేను. కార్తీక తన సంచిలో పెట్టుకుంది, అడిగితే ఇవ్వలేదు. సారు ఇంక రారేమో పాపా అన్నాను. తలెత్తి నన్ను చూసి, "రమ్మనండి సార్. అవసరం" అంది. అది మీ అవసరమా, మా అవసరమా అని సత్యభామను అడిగాను. రెండూనేమో మామయ్యా అంది.