లెక్కకు తగ్గిన ఎనిమిది పళ్లు

హేవన్‌కు,

చూరుకు ఎండగట్టిన నూట ఇరవై పెర్సిమన్ పళ్లలో నిన్న ఎనిమిది తక్కువ వచ్చాయి. పక్కింటి ఒక్‌బున్‌ను గట్టిగా నిలదీశాను. ఆమె వచ్చి ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టింది. "అన్నీ ఉన్నాయి కదక్కా! దొంగ నేను కాదు, నీ ఎడమ కన్ను!" అంది.

నీ ప్రయోగశాల ఎలుకలు గుర్తొచ్చాయి. ఒంట్లో చక్కెర ఎక్కువైతే కంటి నరంలోని కణాలు అలిసి అలిసి చచ్చిపోతాయనీ, పోయినవి తిరిగి రావనీ చెప్పావు. "ముందు నీ ఎలుకలకు కళ్లజోళ్లు కొనవే" అని అప్పుడు నవ్వాను. నా షుగర్ ఈ వారం ఒక్కరోజూ రెండు వందలకు దిగలేదు.

గురువారం కంటి డాక్టరు దగ్గరికి తోడు రా. ఉన్న చూపైనా నిలబెట్టుకోవాలి.

క్షమాపణగా ఒక్‌బున్‌ను ఎనిమిది పళ్లు తెంపుకోమన్నాను, నాకు కనబడని వైపు నుంచే.

నీ నాయనమ్మ