బాట పక్కన పందొమ్మిది పేర్లు

మల్లాపూర్ మండలం,
2 ఆగస్టు 2025

ప్రియమైన ప్రవళికకు,

స్రవంతి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగిపోయాను. మనం మాట్లాడుకోక రెండు నెలలైంది, ఇంక కుశలమెక్కడ? ఫోన్‌లో నన్ను బ్లాక్ చేశావు. పోస్ట్‌మ్యాన్‌ను బ్లాక్ చేయలేవు కదా, అందుకే కోరుట్లకు ఈ ఉత్తరం.

మన ఊరి చరిత్ర రాతి మీద చెక్కించాలని పంచాయతీ వాళ్ళు అంగన్‌వాడీ టీచర్నని ఆ పని నాకు అప్పజెప్పారు. డెబ్బై రెండు కరువులో మన ఊరి నుంచి మల్లాపూర్‌కు పడ్డ మట్టి బాట దగ్గరే మనకు చెడింది. అది మీ తాత లక్ష్మీరాజం పటేల్ గారు వేయించిందనే ఊరంతా అంటుంది. గ్రామసభలో మా నాయనమ్మ సత్తవ్వ కట్టె పట్టుకుని లేచి, "జాగ పటేల్ ఇచ్చిండు, కాదంటలేను. మట్టి మోసింది మేము" అని పందొమ్మిది మంది ఆడవాళ్ళ పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. యాభై మూడేళ్ళయినా ఒక్కటీ తడబడలేదు. చదువుకున్నది నేను, చరిత్ర తెలిసింది ఆమెకు!

నువ్వేమో "మా తాత పేరు తుడుస్తున్నరా?" అని ఆమెను నానా మాటలు అని వెళ్ళిపోయావు.

తుడవలేదే పిచ్చిదానా. స్థలమిచ్చిన మీ తాత పేరు అన్నిటికన్నా పైన ఉంది. కింద మా వాళ్ళవి. కూలి చేసినవాళ్ళ పేర్లు మన ఊళ్ళో రాయెక్కడం ఇదే మొదలు. చెక్కే రాజేశం మామ ఒక్కో పేరూ పైకి చదివి మరీ ఉలి పెడుతున్నాడు. దుబాయ్‌లో ఉన్న విఠల్ వీడియో కాల్‌లో వాళ్ళమ్మ పేరు చూసి, మళ్ళీ మళ్ళీ దగ్గరగా చూపించమన్నాడు. నాకైతే గర్వంతో కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

పదిహేనో తారీఖున ఆవిష్కరణ. నువ్వు రాకపోతే నాకు ఆ సంబరం సగమే.

నీ
స్రవంతి

తా.క. బాటకు మట్టి మోసింది ఇరవై మంది. సభలో చెప్పని ఆ ఒక్కరు మీ నాయనమ్మ రాజవ్వ. ఆ ఏడు మీ ఇంట్లోనూ గింజ లేదట. ఊరికి దూరంగా, బాటకు మల్లాపూర్ వైపు కొసన, కొంగు ముఖానికి కప్పుకుని మా నాయనమ్మ జతగా తట్ట మోసింది. "పటేలింటి కోడలు కూలికొచ్చిందంటే ఇజ్జత్ పోతదని మాతోని ఒట్టేయించుకుంది, బిడ్డా. మీరిద్దరు గిట్ల ఎడమొకం పెడమొకమైతే ఇంక దాసిపెట్టుడెట్ల?" అని నాయనమ్మ నిన్ననే నాకు చెప్పింది. పందొమ్మిది మందీ ఆ గుట్టు కాపాడారు. నువ్వు అందరి ముందూ తిట్టినా మా నాయనమ్మ ఆ సంగతి బయటపెట్టలేదు. రాతి మీద ఒక వరుస ఖాళీగా ఉంచమన్నాను. పేరు చెక్కించాలో వద్దో నువ్వే చెప్పాలి.